ఓడినాయన అడిగిన బోరింగు

మా ఆయన ఓడిపోయిన సంగతి నాకు డప్పు చప్పుడుతో తెలిసింది. ఓట్ల లెక్కింపు బడిలో జరుగుతోంది. నేను అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. పొద్దుగూకాక బడి దగ్గర డప్పు మోగింది. కాసేపు అక్కడే మోగి, మా కింది వాడ వైపు రాకుండా మీది వాడ వైపు తిరిగింది. ఇంకేముంది, తెలిసిపోయింది. చేతిలో ఉన్న బీడీకి దారం కట్టి పక్కన పెట్టాను. ఏడవాలో, పీడ విరగడయిందని ఊపిరి పీల్చుకోవాలో అర్థం కాలేదు.

నిజం చెప్పొద్దూ, ఆయన సర్పంచి ఎన్నికల్లో నిలబడటమే నాకు ఇష్టం లేదు. మాది మల్యాల పక్కన నర్సక్కపేట. ఆ రోజులు ఎట్లాంటివో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పగలంతా పోలీసు జీపులు, చీకటి పడితే అడవిలోంచి తుపాకులతో అన్నలు. ఎవరికి బువ్వ పెట్టినా రెండోవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. అట్లాంటి ఊళ్లో ఈయన పెద్దమనిషి అవుతాడట.

"ఇల్లు నెత్తిమీద ఉన్నది సాలదా? ఊరంత నెత్తినేసుకుంటవా?" అని అడిగాను.

"ఊరంత కాదే. ఒక్క బోరింగు" అన్నాడు ఆగయ్య.

ఆయన అన్నదీ నిజమే. ఊళ్లో ఉన్న బోరింగులన్నీ మీది వాడలోనే ఉన్నాయి. మా ఆడవాళ్లం నీళ్ల కోసం మక్కచేన్లు దాటి ఎవరిదో వ్యవసాయ బావి దాకా పోవాలి. ఎండాకాలం ఆ బావి అడుగున పచ్చటి నీళ్లు, వాటిలో ఈదే పురుగులు. చీరకొంగు అడ్డం పెట్టి వడబోసుకుని తాగేవాళ్లం. తను గెలిస్తే కింది వాడలో బోరింగు వేయిస్తానని ఆయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. వేరే మాట ఏదీ ఇవ్వలేదు. ఊళ్లోని కూలీల సంఘం పిల్లలు ఆయన వెంట తిరిగారు. వాళ్లకు ముందుండి నడిచింది బాలకిషన్. మా పక్కింటి బాలమ్మ కొడుకు, జగిత్యాలలో కాలేజీ మధ్యలో మానేసి వచ్చినవాడు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే, ఓపిక మాత్రం లేదు.

గెలిచినవాడు విఠల్. రాక్షసుడేం కాదు. మీది వాడలో నాలుగెకరాల రైతు, తమ్ముడు దుబాయిలో ఉంటాడు, ఇంటి ముందు ట్రాక్టరుంది. ఆయన చేసిన పాపమల్లా ఒకటే. జలపతి రావు దొర జగిత్యాల నుంచి మనిషిని పంపి "విఠల్‌కు వెయ్యుండ్రి" అని చెప్పించాడు. దొర ఊరు విడిచి అప్పటికి పదేళ్లు. విడిచిపెట్టించింది మేమే. వెట్టి చెయ్యబోమని ఊరంతా ఒక్కటై, ఆయన గడికి చాకలి పోకుండా, మంగలి పోకుండా, పాలేరు పోకుండా కట్టుబాటు చేశాం. నిప్పు నీళ్లు బంద్ చేశాం. గడప గడపనూ కొరడాతో ఏలినవాడు తన గడ్డం తాను గీసుకోలేక, తన గొడ్లకు తాను గడ్డి వేయలేక మూటా ముల్లె సర్దుకుని పోయాడు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఛాతీ పొంగుతుంది. అట్లాంటి దొర నోట వచ్చిన పేరు గనుక విఠల్ మా కంటికి దొర మనిషయ్యాడు.

ఓడిన మర్నాడు పొద్దున్నే వాడంతా మా ఇంటి ముందు చేరింది. బాలకిషన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఏడ్చినట్టున్నాడు.

"సారా పోసి గెలిచిండు!" అన్నాడు.

అది అబద్ధం కాదు. అయితే మా వాళ్లూ పోశారు, కాస్త తక్కువ పోశారంతే. ఆ మాట నేను నోట్లోనే నమిలి మింగాను.

"దొరను ఊరు దాటిచ్చినోళ్లం. గీ విఠల్ ఎంత? ఇయ్యాల్టి సంది ఆనింటికి ఎవలు పోవద్దు. నిప్పు లేదు, నీళ్లు లేవు, మాట లేదు. పంచాయితీ ఆఫీసు మెట్టు ఎవలెక్కినా తప్పే. ఎక్కినోనికి గూడ గదే కట్టుబాటు" అన్నాడు మళ్లీ బాలకిషనే.

జనం చప్పట్లు కొట్టారు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ముందుకు వచ్చాడు.

"అరే, నేనొక మాట చెప్త ఇనుండ్రి. ఓడినం. బాధే. కని గెలిచినోన్ని మనం అడగాలె గద? పొయ్యి కూసోవాలె, మా వాడకు బోరింగేదని నిలదియ్యాలె. వెలేస్తె ఎవల్ని అడుగుతం? బోరింగు ఆకాశంల నుంచి పడుతదా?"

"ఐదేండ్లు ఆగుదాం కాకా. మల్లసారి నువ్వే గెలుస్తవ్" అన్నాడు బాలకిషన్.

"ఐదేండ్లు మీ అవ్వ గా బాయి దాక నడుస్తదా?"

ఎవరూ నవ్వలేదు. బాలమ్మ మాత్రం తన మోకాళ్ల వైపు చూసుకుంది. ఓడినవాడి మాట ఎవరు వింటారు? గెలిచి ఉంటే అదే మాటకు చప్పట్లు కొట్టేవాళ్లు. నాకు ఆ వాడ మీదా, ఆ పిల్లవాడి మీదా, అందరికంటే ఎక్కువ మా ఆయన మీదా కోపం వచ్చింది. వద్దంటే విన్నాడా?

రెండు మూడు రోజుల్లో విఠల్ ఇంటి గోడ మీద ఎర్ర అక్షరాల కాగితం కనిపించింది. దొర తొత్తుకు సహకరించినవాళ్లు ప్రజాశత్రువులు అని ఉంది. అడవిలో అన్నలు పంపారో, మా వాడ పిల్లలే అంటించారో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరికుంది? ఆ కాగితంతో మీది వాడ కూడా తలుపులు మూసుకుంది. ఓట్లేసి గెలిపించినవాళ్లే విఠల్ ఎదురొస్తే సందులోకి తిరిగేవాళ్లు. డప్పు కొట్టి ఊరేగించి వారం కాలేదు. గెలుపంటే ఇదా అని నాకే జాలేసింది.

విఠల్ తల్లి బుచ్చవ్వ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు బీడీ చుట్టడం నేర్పింది ఆమే. కోరుట్ల నుంచి బీడీ కంపెనీ టేకేదారు ఆకు, తంబాకు తెచ్చి పంచే చోట అన్ని వాడల ఆడవాళ్లం ఒక్క చోటే కూర్చునేవాళ్లం. ఆకు ఎక్కువ కత్తిరించి పాడుచేస్తే నా వేళ్ల మీద కొట్టేది. కొట్టి, తన కట్టల్లోంచి నాలుగు తీసి నా చాటలో వేసేది. కట్టుబాటు తర్వాత కూడా ఆమె ఎప్పటిలాగే చాట పట్టుకుని వచ్చింది. మా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. నేను ఆఖరున లేచాను.

"నేనేం జేసిన్నే రాధా?" అంది.

నేను చాటలో ఆకు సర్దుకున్నాను. ఏం చెప్పను? నీ కొడుకు గెలిచాడవ్వా, అదే నువ్వు చేసిన తప్పు అని చెప్పనా?

ఆమె మళ్లీ రాలేదు. తర్వాత కొన్నాళ్లకే చనిపోయింది. వయసు మీద పడి పోయిందని ఊరంటుంది. బెంగతో పోయిందని నేనంటాను.

ఆమెను కాటికి తీసుకుపోవలసిన రోజు బంద్. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని అన్నలు బంద్ పిలిచారు. జగిత్యాల రోడ్డు మీద ఒక్క బస్సు తిరగలేదు. విఠల్ చుట్టాలు ఎట్లా వస్తారు? ముందురోజే వచ్చి ఉన్న సిరిసిల్ల బామ్మర్ది ఒకడు, కోరుట్ల నుంచి లూనా మీద వచ్చిన మేనబావ ఒకడు, ఏళ్ల తరబడి వాళ్లింట్లో జీతానికున్న లస్మయ్య ఒకడు. మగవాళ్లు ముగ్గురే. తలకొరివి పెట్టే కొడుకు గనుక విఠల్ అగ్గికుండ పట్టుకుని ముందు నడవాలి, పాడెకు భుజం పట్టకూడదు. పాడె మోయడానికి నలుగురు కావాలి. ఊళ్లో వందల మంది మగవాళ్లున్నారు, నాలుగో భుజం లేదు.

మా ఇంటి మలుపు దగ్గర నిలబడితే విఠల్ వాకిలి కనిపిస్తుంది. మా ఆయన అక్కడ నిలబడి చాలాసేపు చూసి లోపలికి వచ్చాడు.

"బండి కడుతున్నరే" అన్నాడు.

"ఏం బండి?"

"ఎడ్లబండి. బుచ్చవ్వను బండి మీద తీస్కపోతరట."

మా వైపు దిక్కులేని శవాన్ని బండెక్కిస్తారు. పురుగుల మందు తాగి పొరుగూళ్లో చచ్చినవాళ్లను బండి మీద తెస్తారు. కడుపున పుట్టిన కొడుకు ఎదురుగా ఉండగా, పుట్టెడు జనం ఉన్న ఊళ్లో, మనవరాలి పెళ్లి దాకా చూసిన ముసలామె బండెక్కి కాటికి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన చెప్పులు విడిచి, తువ్వాలు మడత పెట్టి భుజాన వేసుకున్నాడు. ఆయన ఎక్కడికి పోతున్నాడో నాకు అర్థమై తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"నీకు పిచ్చి గిట్ల లేసిందా? కట్టుబాటు నీ ఇంటి ముందలనే అయింది. నువ్వే పోతవా?"

"పోత."

"నిన్ను ఓడగొట్టినోడు ఆడు."

"ఓడగొట్టింది విఠల్. సచ్చింది ముసలామె. గామె ఏ గుర్తుకు ఓటేసిందో నాకెర్కలేదు. మొయ్యాలె, గంతే."

"అన్నలకు తెలిస్తె?"

"తెలువని. పగటిపూట మోస్తున్న, దాసుకునేదేమున్నది?" అని నన్ను భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపాడు. "నువ్వు గూడ ఏడువాలనుకుంటున్నవ్ రాధా. ఇంట్లనే ఏడువు, నన్ను పోనియ్."

నేను మలుపు దాకా వెంట పోయాను. వాడలో తలుపుల సందుల్లోంచి కళ్లు చూస్తూనే ఉన్నాయి. ఆయన విఠల్‌ను పలకరించలేదు. నేరుగా బండి దగ్గరికి పోయి, ఎడ్ల మెడల మీది కాడి ఎత్తి పక్కకు తోశాడు. లస్మయ్య ఎడ్లను కొట్టానికి తోలుకుపోయి, కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. ఎక్కడ నాలుగో చోటు ఖాళీగా ఉందో అక్కడ మా ఆయన కూర్చుని పాడె భుజానికెత్తుకున్నాడు. అగ్గికుండ చేతిలో పట్టుకున్న విఠల్ ఆయన వైపు ఒక్కసారి చూసి ముందుకు నడిచాడు.

డప్పు లేదు. డప్పు కొట్టేవాళ్లు కూడా కట్టుబాటులో ఉన్నారు. గెలిచిన రోజు ఊరంతా దద్దరిల్లేలా మోగిన ఇంటి ముందు నుంచి ఆ ముసలామె చడీ చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. కోడలి ఏడుపొక్కటే వినిపించింది. నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

కాడు దగ్గరేం కాదు. భుజం మార్చుకోవడానికి ఐదోవాడు లేడు. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, విఠల్ తల్లి చెవిలో అవ్వా అవ్వా అని పిలిచినప్పుడు తప్ప వాళ్లకు ఊపిరి తీసుకునే సందు దొరకలేదట. ఆయన తానం చేసి తడిబట్టలతో ఇంటికి వచ్చేసరికి కుడి భుజం మీద తోలు లేచిపోయి ఉంది. ఆవనూనె రాస్తుంటే అన్నాడు:

"బరువే లేదే ముసలామె."

ఆ సాయంత్రం బాలకిషన్ వచ్చాడు. ఎప్పుడూ నేరుగా పొయ్యి దాకా వచ్చి గిన్నెలు తెరిచి చూసే పిల్లవాడు, గడప బయటే నిలబడ్డాడు.

"గిదేం పని కాకా? నీ కోసం పానం పెట్టి తిరిగినం. నువ్వు పొయ్యి ఆని తల్లిని మోసినవ్."

"నీ తల్లినైనా మోస్తరా" అన్నాడు మా ఆయన.

"సంఘంల అందరు అడుగుతున్నరు. ఇయ్యాల విఠల్ ఇంటికి పోయినోడు రేపు పోలీసోళ్ల కాడికి పోడని నమ్మకమేంది అంటున్నరు. ఇన్‌ఫార్మర్ అంటున్నరు కాకా నిన్ను."

ఆ మాట అప్పట్లో తిట్టు కాదు. ఆ మాట రాసిన కాగితం శవాల మీద దొరికేది. ఆ మాట అనగానే బాలకిషన్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వాడికి ఆయనంటే ప్రేమ, నాకు తెలుసు. ప్రేమ ఉన్నచోటే కోపం ఇంత ముదురుతుందేమో. వాడు మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి విఠల్‌కు వేసిన కట్టుబాటు మాకూ పడింది. నేను చాట పట్టుకుని పోతే ఆడవాళ్లు జరిగి కూర్చునేవాళ్లు. మా బిడ్డ బడి నుంచి ఒక్కతే వచ్చేది. మంగలి సాంబయ్య మా గుమ్మం ముందు నుంచే పోయేవాడు, తల తిప్పేవాడు కాదు. మా ఆయనకు గడ్డం పెరిగింది. దాంతో నాకు కొత్త భయం పట్టుకుంది. గడ్డం పెంచుకున్న మగవాడిని చూస్తే పోలీసులు అడవిలోవాడనుకుంటారు. అటు అన్నలు ఇన్‌ఫార్మర్ అంటారేమో, ఇటు పోలీసులు అన్న అంటారేమో! చివరికి ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి బీడీ ఆకు కత్తిరించే కత్తెరతో ఆ గడ్డం నేనే కత్తిరించాను. సగం గీతలు గీతలుగా వచ్చింది.

"మొకం మీద తంబాకు గిట్ల పోస్తవా?" అని నవ్వాడు.

"నవ్వకు. నవ్వితె చెవు తెగుతది" అన్నాను. ఆ కాలంలో మేము నవ్వుకున్నది ఆ ఒక్కసారే.

ఒక మునిమాపు వేళ పొలం దగ్గరికి తుపాకులతో ఇద్దరు వచ్చారట. ఆయన ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక చెప్పాడు.

"ఎందుకు మోసినవ్ అని అడిగిండ్రు. ఉన్నది చెప్పిన. ఓట్ల ఓడిన, కని సంఘం ఎంటనే ఉన్న. శవాన్ని బండెక్కిస్తుంటె మాత్రం చూసుకుంట ఉండలేకపోయిన అన్న."

"వాళ్లేమన్నరు?"

"ఏమనలే. బాయిల నీళ్లు తాగిపోయిండ్రు."

ఏమీ అనకపోవడమే నన్ను చంపింది. తిట్టినా బాగుండేది. ఇంకోసారి పోవద్దని చెప్పినా ఆయన కాళ్లు పట్టుకుని ఆపేదాన్ని. ఆ రోజు నుంచి కుక్క మొరిగితే లేచి కూర్చునేదాన్ని. ఆయన మాత్రం గుర్రు పెట్టి నిద్రపోయేవాడు. కొన్నిసార్లు ఆ గుర్రు విని ఒళ్లు మండేది.

అంతటితో ఆగాడా? లేదు. బుచ్చవ్వ దినాలయ్యాక పంచాయితీ గ్రామసభ జరిగితే తయారై బయల్దేరాడు. ఈసారి నేను అడ్డం నిలబడలేదు. అడ్డం నిలబడి లాభం లేదని తెలిసిపోయింది. కింది వాడ నుంచి ఆ మెట్లెక్కింది ఆయనొక్కడే. కుర్చీలు ఖాళీగా ఉన్నా కింద చాప మీద కూర్చున్నాడట. తన వంతు వచ్చాక లేచి కింది వాడకు బోరింగు కావాలని అడిగాడు.

"మనకు ఓటెయ్యనోళ్లకు బోరింగా?" అని మీది వాడ వాళ్లు గొణిగారట. సారా తాగినప్పుడు అన్నదమ్ములు, బోరింగు దగ్గర శత్రువులు.

విఠల్ ఆయన్ని పక్కకు పిలిచి, "ఆగన్నా, మా అవ్వను మోసినవ్. నీ మాట నేనెట్ల కాదంట?" అన్నాడట.

మా ఆయనకు అక్కడ కోపం వచ్చిందట. ఎన్నికలయ్యాక ఆయనకు కోపం వచ్చిందని విన్నది అదే మొదలు.

"మోసినందుకు ఇయ్యకు. గట్లయితె నాకొద్దు. నువ్వు ఊరికి సర్పంచివి, మాది ఊర్లోని వాడ. అడిగినందుకు ఇయ్యి. ఇయ్యకుంటె మల్ల నెల గూడ వచ్చి అడుగుత."

విఠల్ వెంటనే ఇవ్వలేదు. మంచివాడే గాని మెత్తటివాడు, తనవాళ్ల గొణుగుడుకు భయపడ్డాడు. ఈయన మళ్లీ పోయాడు. మళ్లీ పోయాడు. పోయినప్పుడల్లా వాడలో ఒక తలుపు చప్పుడుగా మూసుకునేది. మల్యాల మండలాఫీసుకు కూడా విఠల్ వెంట సైకిల్ మీద పోయి వచ్చాడు. గెలిచినవాడూ ఓడినవాడూ కలిసి పోతుంటే జనం నోళ్లు ఊరుకుంటాయా? అమ్ముడుపోయాడన్నారు. ఎంతకు అని కూడా అనుకున్నారు. ఆయన సైకిల్ గొలుసుకు నూనె వేసుకుంటూ వినీ విననట్టు ఉండేవాడు. నేను వినీ విననట్టు ఉండలేకపోయాను. ఒకరోజు వాడ మధ్యలో నిలబడి, "ఎంతకమ్ముడుపోయిండో వచ్చి మా గోలెం చూడుండ్రి, తాగ నీళ్లు లెవ్వు" అని అరిచాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఎండలు ముదిరాక జగిత్యాల నుంచి బోరు బండి వచ్చింది. దుమ్ము లేపుకుంటూ మా కింది వాడలోకే వచ్చింది. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిల్లలు, ముసలివాళ్లు, బీడీ చాటలు పక్కన పడేసిన ఆడవాళ్లు దాని చుట్టూ మూగారు. బురద పడింది, ఆ తర్వాత తెల్లటి నీళ్లు చిమ్మాయి. కొబ్బరికాయ కొట్టింది బాలకిషనే. విఠల్ వచ్చి నిలబడితే ఎవరో బంతిపూల దండ కూడా వేశారు. కట్టుబాటు ఆరోజు ఎటు పోయిందో పోయింది. విఠల్ మీద నుంచి పోయింది. మా మీద నుంచి పోలేదు.

విఠల్ దండ తీసి చేత్తో పట్టుకుని, "గిది ఆగన్న అడిగిండు" అన్నాడు. ఎవరూ విన్నట్టు లేదు. నీళ్ల చప్పుడులో కలిసిపోయిందనుకుంటే అనుకోవచ్చు. మా ఆయన జనం వెనుక నిలబడి, మునిగాళ్ల మీద లేచి ఆ నీళ్ల వైపే చూస్తున్నాడు. ఆ ముఖం చూస్తే ఆయనకు ఏ బాధా లేదనిపించింది. ఆయనకు లేని బాధంతా నాకే ఉంది. పగవాడితో రాజీ పడ్డారు గాని తమ మనిషి గీత దాటితే క్షమించలేకపోయారు. వీళ్ల కోసమా ఇదంతా?

గద్దె కట్టి చేతిపంపు బిగించాక, మర్నాడు పొద్దున్నే పెద్ద ఇత్తడి బిందె తీసుకుని పోయాను. నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను. ఎవరూ పలకరించలేదు, ఎవరూ తోసివేయలేదు. పంపు కొట్టి బిందె నిండా నింపాను. చుట్టబట్ట నెత్తిన పెట్టుకుని, అలవాటు కొద్దీ అన్నాను:

"జరంత ఎత్తుండ్రి."

నిండు బిందెను ఏ ఆడదీ ఒంటరిగా నెత్తికెత్తుకోలేదు. ఇంకొకతె చెయ్యి వేయాలి. ఆ బావి దగ్గర ఎన్నేళ్లు ఒకరికొకరం ఎత్తుకున్నాం! అత్తతో మాటలు లేని కోడలు కూడా బిందె దగ్గర చెయ్యి వేస్తుంది. ఆరోజు అంతమంది ఆడవాళ్లలో ఒక్క చెయ్యి ముందుకు రాలేదు. బాలమ్మ నా పక్కనే ఉంది. ఆమె కళ్లు నేల మీదున్నాయి.

బిందె వంచి సగం నీళ్లు వాళ్ల కాళ్ల ముందే పారబోశాను. మిగిలిన సగం నేనే ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

"సగమే తెచ్చినవేంది?" అన్నాడు మా ఆయన.

"ఎత్తెటోళ్లు లేరు!" అని అరిచాను. "నువ్వు ముసల్దాన్ని మోస్తివి. నీ పెండ్లాం బిందె ఎత్తుతందుకు ఒక్క చెయ్యి లేదు. పో, ఇంకా అడుగుపో వాళ్ల కోసం. రోడ్డు అడుగు, దీపాలు అడుగు, వాళ్లకు బంగ్లాలు అడుగు!" అంటూ బిందె నేలకేసి కొట్టబోయి, నీళ్లు గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆయన ఆ సగం నీళ్లు గోలెంలో పోసి, ఖాళీ బిందె చేత పట్టుకుని బయటికి నడిచాడు. నేను వెంట పరుగెత్తాను. మా దగ్గర మగవాళ్లు బోరింగు దగ్గరికి రారు. వస్తే కావడితో వస్తారు, అదీ ఆడవాళ్లు లేని వేళ చూసుకుని. ఈయన ఆడవాళ్ల మధ్యలోంచి పోయి, బిందె పెట్టి పంపు కొట్టాడు. అందరూ మాటలు ఆపేశారు. నిండిన బిందెను ఎత్తి నా నెత్తిన పెట్టాడు. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను. ఎత్తితే నీళ్లు కూడా చిందేవి.

పక్కన బాలమ్మ బిందె కూడా నిండి ఉంది. ఆయన వంగి దాన్ని రెండు చేతులా లేపాడు.

"పట్టు వదినా."

ఆమె వద్దనేలోపే బిందె ఆమె నెత్తి మీదుంది. ఆమె రెండు చేతులూ ఎత్తి దాన్ని పట్టుకుంది. ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మోకాళ్ల నొప్పితో కుంటుకుంటూ తన ఇంటి వైపు వెళ్లిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు గాని, నీళ్లు పారబోయలేదు.